రాతి మీద అంటుకోని పుల్ల

నల్లప్ప ఇల్లు కాలి కూలిపోయింది కానీ, తలుపుకు బయట పెట్టిన గొళ్లెం మాత్రం పెట్టింది పెట్టినట్టే ఉంది.

ఆదినారాయణప్ప దాన్ని ముట్టుకోలేదు. చేతులు వెనక్కి కట్టుకొని, వంగి, రెండు వైపుల నుంచీ చూశాడు. కొక్కెం పూర్తిగా దిగి ఉంది. ఊడిరాకుండా దాని సందులో ఒక ఇనుప మేకు దోపి ఉంది. లోపల మనిషి ఉన్నాడని తెలిసి, మేకు వెతికి తెచ్చి, దోపి, అప్పుడు నిప్పు పెట్టారన్నమాట. ఆ చెయ్యి తొందరపడలేదు. 

ఈ ఊరికి రెండున్నర గంటల బండి దూరంలో ఉన్న అరసికెరెలో వేరుశనగ కాయల వ్యాపారం ఆయనది. గోనె మీద ముడి చూసి కట్టిన చెయ్యి ఎవరిదో చెప్పగలడని పేరు. ఏ మనిషీ లాభం లేనిదే ఏ పనీ చెయ్యడు, లాభం ఎవరిదో తేలితే దొంగ తేలుతాడు అనేది ఆయన లెక్క. ఆ లెక్కతో ఇంతకుముందు మూడు దొంగతనాలు బయటపెట్టాడు. అందుకే తాలూకా అధికారి అమల్దారు ఈసారి కూడా విచారించమని చీటీ రాసి ఇచ్చాడు. కానీ ఆ మూడూ వేరు. అప్పుడు ఆయన ప్రాణం త్రాసులో లేదు.

సోమవారం నాడు నల్లప్ప ఆయన అంగడికి వచ్చాడు. నిడుగల్లు కోటకు కావలివాడు అతను. అరుగు మీద కూర్చొని గొంతు తగ్గించి చెప్పాడు.

"కోట మీద నిధి కోసం గుంతలు తవ్వుతాండారు శెట్టప్పా. తవ్వేవోళ్లను కండ్లారా చూసినా. పేర్లు ఈడ చెప్పను, అంగట్లో చెవులు ఎక్కువ. శుక్రవారం అమల్దారు ముందర చెప్తా. నువ్వు తోడు రావాల."

గురువారం దీపాలు పెట్టే వేళకు నల్లప్ప కాలిపోయాడు. ఈ రోజు శుక్రవారం. నల్లప్ప తనకు పేర్లు చెప్పలేదని ఆదినారాయణప్పకు తెలుసు. చంపినవాళ్లకు తెలియదు.

"ఏన్ శెట్రే!" వెనక నుంచి కన్నడంలో పలకరింపు, పోలీసు దఫేదారు కెంచప్ప గొంతు. "కాయలు తూచేది అయిపోయి, బూడిద తూచను వచ్చినారా?"

"బూడిదకు బరువు లేదు దఫేదారూ. మీరు చెప్పే మాటకు ఎంత ఉండాదో చూద్దామని వచ్చినా."

కెంచప్ప జేబులోంచి గడియారం తీసి మూత తెరిచాడు. "పదకొండుంపావు. నాలుగు గంటలకు ముద్దాయిని పావగడకు తోలుకొని పోతా. రేపు తుమకూరు. ఆ తర్వాత ఉరితాడు. అమల్దారు చీటీ ఉండాదని ఊరుకున్నా. నాలుగు కొట్టినాక ఆ చీటీని మడిచి చెవిలో పెట్టుకోండి."

ముద్దాయి పేరు బోరయ్య. గొర్రెలకాపరి. దఫేదారు వెంట వచ్చిన పోలీసులిద్దరు వాడిని కాడి దించిన బండి చక్రానికి కట్టేశారు. పక్కన వాడి పెళ్లాం మారక్క నిలబడి ఉంది. ఆమె ఏడవడం లేదు, అడగడం లేదు. మొగుడి ముఖం మీద వాలే ఈగలను కొంగుతో తోలుతోంది, అంతే.

ఆదినారాయణప్ప బోరయ్య ముందు గొంతుక్కూర్చున్నాడు.

"నిన్న దీపాలు పెట్టే వేళకు యాడ ఉంటివి?"

"గొర్రెలు తోలుకొని వస్తా ఉంటి శెట్టప్పా. పొగ కనిపిస్తే పరిగెత్తితి."

"నీకంటే ముందు ఎవరు వచ్చినారు?"

"ఎవరూ లేరు. నేనే మొదలు."

"వాడే ఒప్పుకుంటాండాడు, రాసుకోండి," అన్నాడు కెంచప్ప.

"నీ వక్కాకు సంచి, పోలీసోళ్లు పట్టుకున్నది, అప్పుడు యాడ పెట్టినావు?"

"కంబళీ, సంచీ రెండూ దొడ్డిగోడ మీద వేసి నీళ్లు తెచ్చి చల్లితి. అందరూ వచ్చినారు. కప్పు కూలిందాకా సంచి మొగం చూడలేదు."

"ఎంతసేపు?"

"నాకేమి తెలుసప్పా గంటలు? నలభై కడవలు మోసినా."

నలభై కడవలంటే బావి దూరం లెక్కపెడితే ముప్పావుగంట. ముప్పావుగంట సేపు ఆ సంచి ఊరందరి చేతికీ అందే చోట ఉంది. ఆదినారాయణప్ప తల ఊపాడు.

"ఆ సంచిలోనే దొరికినాయి," కెంచప్ప రుమాలు విప్పి చూపించాడు. గోధుమరంగు తల ఉన్న అగ్గిపుల్లలు, తొమ్మిది. "నల్లప్ప వీడి గొర్రెలను రెండుసార్లు బందెలదొడ్డికి తోలినాడు. నీ కొంప కాలా అని వీడు పదిమంది ముందర అన్నాడు. కొంప కాలె. ఇంకేమి కావల శెట్రే?"

"నీ కొంప కాలా అని మా ఊర్లో మేకను కూడా తిడతారు దొరా," అంది మారక్క. అంతసేపటికి ఆమె నోరు విప్పింది అదొక్కసారే.

"బీడీ దేంతో అంటిస్తావు బోరయ్యా?"

"చెకుముకి రాయితో. మా నాయనది. ఆ పుల్లలు నావి కావు శెట్టప్పా, దేవుని తోడు."

కెంచప్ప నవ్వాడు. నవ్వడానికి కారణం ఉంది. ఆ తాలూకాలో అగ్గిపుల్లలు పెట్టెతో కొనేవాళ్లు తక్కువ. అంగట్లో పిడికెడు విడి పుల్లలు కొంగున కట్టుకొని పోతారు, కావలసినప్పుడు రాతి మీద గీస్తారు. ప్రతి గడప పక్కనా ఒక రాయి, దాని మీద తెల్లటి గీతలు. కాబట్టి ఒక సంచిలో తొమ్మిది విడి పుల్లలు దొరికితే, పెట్టె ఏదని అడగాలని ఎవరికీ తోచదు.

ఆదినారాయణప్పకూ తోచలేదు.

ఆయన లేచి దొడ్లోకి నడిచాడు. ఊరి జనం గోడ అవతలే ఆగిపోయారు. నిప్పు ఇంటి వెనక మూల, చొప్ప వేసిన చోట మొదలైంది. అక్కడ గోడ నల్లబడలేదు, తెల్లగా మాడిపోయింది. అక్కడికి నాలుగడుగుల దూరంలో పశువుల నీళ్లతొట్టి. తొట్టి కింద తడిమట్టిలో ఒక సన్నటి చెక్కపేడు, దానికి అంటుకొని కాగితం. సగం కాలింది. ఎవరో మంటలోకి విసిరితే గాలికి ఎగిరి తడిలో పడింది.

ఆయన దాన్ని అరచేతిలో పెట్టుకొని గోడ దగ్గరికి వచ్చాడు. కాగితం మీద అక్షరాలు ఇంగ్లీషు లాగే ఉన్నాయి, కానీ ఇంగ్లీషు కావు. గోనెల మీద గుర్తులు చదివేటంత ఇంగ్లీషు ఆయనకు వచ్చు. ఇందులో ఒక అక్షరం నెత్తిన రెండు చుక్కలు ఉన్నాయి.

గోడ అవతల పక్కింటి ముసలామె మారెమ్మ మెడ చాచి చూసి, రెండడుగులు వెనక్కి వేసింది.

"పారేయప్పా దాన్ని! చేతిలో పెట్టుకోవద్దు. ఎవరో రాసి పూడ్చినారు. ఆ రెండు చుక్కలు చూడు, కండ్ల మాదిరి."

జనంలో గుసగుస పాకింది. ఒకరిద్దరు బిడ్డలను ఇళ్లలోకి తోలారు. మంత్రాల మీద ఆదినారాయణప్పకు నమ్మకం లేదు, లాభం లేని సరుకు అది. అయినా ఆ పేడు అరచేతిలో ఉన్నంతసేపు, ఆ చుక్కలు తననే చూస్తున్నట్టు అనిపించింది.

"ఇంగ్లీషు చీటీ ముక్క," అన్నాడు కెంచప్ప చూడకుండానే. "గాలికి వచ్చింది."

"చదివి చెప్పండి."

కెంచప్ప చూశాడు. పెదవులు కదిలాయి. అక్షరాలు కలవలేదు. "నాకు పనుండాది," అని వెనక్కి తిరిగాడు.

"బొంబాయి కదిరయ్యను అడుగు," అంది మారెమ్మ దూరం నుంచే. "పరాయి రాతలన్నీ వానికే తెలుసు."

కదిరయ్య ఇల్లు ఊరి చివర. పదకొండేళ్లు బొంబాయిలో అగ్గిపుల్లల కార్ఖానాలో పని చేసి, కుడిచేతి రెండు వేళ్లు కాల్చుకొని నిరుడు తిరిగి వచ్చాడు. ఇప్పుడు కిత్తనార తాళ్లు పేనుకొని బతుకుతున్నాడు. నార కోసం గుట్ట మీదికి పోయిన మనిషి రెండు దాటాక గాని ఇల్లు చేరలేదు. పేడు చూడగానే, పాత చుట్టాన్ని చూసినట్టు నవ్వాడు.

"చదవను రాదు శెట్టప్పా నాకు, ఏ భాషా. కానీ ఈ కాగితాన్ని దినానికి ఎన్ని పెట్టెలకు అంటించినానో దేవునికే తెలుసు. కండ్లు మూసుకొని చెప్తా విను. సేకెర్‌హేట్స్‌టెండ్‌స్టిక్కూర్."

"మంత్రమా?"

"అగ్గిపుల్లలు!"

"ఇంత పొడుగు మాటా, అగ్గిపుల్లకు?"

"స్వీడన్ అని ఒక మంచుదేశం ఉండాది. ఆ దేశం మాట. మా మేస్త్రీ దొర ఆ దేశపోడే. నువ్వు మటుకు అగ్గి వేరే, పుల్ల వేరే అంటావా? కలిపి అంటావు కదా. వాళ్లూ అంతే. కాకపోతే వాళ్లు ఆగరు, కలుపుకుంటా పోతారు."

కదిరయ్య పేనుతున్న తాడు చివర తీసుకొని ముడులు వేయడం మొదలుపెట్టాడు. వేళ్లు కాలిన రోజుల్లో, పని చెయ్యలేక కూర్చుంటే, దొర తనకు ఇట్లే ముడులు వేసి చెప్పాడట.

"తోక నుంచి రా. ఊర్ అంటే మన 'లు', ఎక్కువ అని. స్టిక్క అంటే పుల్ల. కట్టెను చీలిస్తే వస్తుందే సన్న పేడు, అది. గుచ్చుకునే దానికి కూడా వాళ్లు స్టిక్క అనే అంటారు, రెండూ ఒక ఇంటివే. టెండ్ అంటే అంటించు. టెండ్‌స్టిక్క, అంటించే పుల్ల. ఈడి దాకా మన అగ్గిపుల్లే, ఏమంటావు?"

"మరి ముందర ఉండేది?"

"అదే గట్టి ముడి. నడుమ 'స్' ఏమీ కాదు, కుట్టు. ముందు మాటను వెనక మాటకు కుట్టే దారం. హేట్ అంటే మన 'తనం'. మంచితనం, పిరికితనం అంటామే, ఆ తనం. ఇంక సేకెర్ అంటే భద్రం. ఆ మాట మాది కాదు అనేవాడు దొర. వాళ్ల నాయన చర్చిలో అయ్యవారు, ఆయనకు పాతవన్నీ తెలుసంట. ఎప్పుడో రోమాపురిలో పుట్టింది. 'సే' అంటే లేకుండా. 'కూర' అంటే చింత. మన కూర కాదు శెట్టప్పా, నవ్వద్దు. చింత లేకుండా అని. దాన్ని జర్మనీ వర్తకులు ఓడల్లో సరుకుతోపాటు స్వీడన్ రేవులకు తెచ్చినారంట. సరుకు అమ్ముడుపోయె, మాట ఆడనే నిలిచిపోయె."

ఆదినారాయణప్పకు ఆ చివరి సంగతి నచ్చింది. రోమాపురి ఎక్కడుందో ఆయనకు తెలియదు కానీ, వర్తకుడి వెంట సరుకుతో పాటు మాట కూడా ఊరు దాటుతుందని తెలుసు. ఆయన తాడు మీది ముడులను బొటనవేలితో ఒక్కొక్కటే తడిమాడు. చింత, లేకుండా, తనం, కుట్టు, అంటించు, పుల్ల, లు. ఒక ముసలి కావలివాడిని తలుపేసి కాల్చిన వస్తువు పేరు ఇది.

"దేనికి చింత లేదు దీంతో?" అని అడిగాడు. వ్యాపారి అడిగే ప్రశ్న అది. పేరు పెట్టినవాడు ఏదో ఒక గుణం చూపకుండా అంత గట్టి ముడి ముందు పెట్టడు.

"అదే అసలు సంగతి. మన విడి పుల్లలు సంచిలో రాసుకున్నా మండుతాయి, కొంగులు కాలినోళ్లు ఎంతమంది లేరు? ఇవి అట్ల కాదు. మందు రెండు పాళ్లు చేసినారు. ఒక పాలు పుల్ల తలకు, ఒక పాలు పెట్టె పక్కకు. రెండూ తగిలితేనే నిప్పు. కాగితం మీద ఇంకో వరుస కూడా ఉంటుంది, ఈ పెట్టె పక్కమీదే గీయమని. రాతి మీద పొద్దుగూకులూ గీయి, తల రాలుతుంది గాని అంటుకోదు. పెట్టె లేకుంటే అది ఉత్త పుల్ల."

ఆదినారాయణప్ప చెయ్యి ముడి మీద ఆగిపోయింది.

పదేళ్ల కిందటి సంగతి గుర్తుకొచ్చింది. బళ్లారి నుంచి ఒకసారి గోధుమరంగు తలల పుల్లలు తెచ్చి, అందరి మాదిరే పెట్టెలు విప్పి విడిగా అమ్మాడు. మూడు రోజుల్లో సగం ఊరు అంగడి ముందు నిలబడింది. రాతి మీద గీస్తే అంటుకోవడం లేదు, పొయ్యి వెలగలేదు, నీ పుల్లలు నీ నోట్లో పెట్టుకో అని తిట్టారు. తేమ పట్టిన సరుకు అనుకొని అన్నీ వెనక్కి తీసుకున్నాడు. విప్పని పెట్టెలు కొన్ని మిగిలితే అటక మీదికి విసిరేశాడు. ఈ చుట్టుపక్కల ఆ సరుకు తెచ్చినవాడు తనొక్కడే. నల్లప్పను కాల్చిన పెట్టె తన అటక మీది నుంచి వచ్చింది.

ఆ అటక ఎక్కేవాళ్లు ముగ్గురు. తను, భార్య హనుమక్క, బొమ్మన్న.

బొమ్మన్న ఇరవై ఏళ్లుగా ఆయన దగ్గర కాయలు తూచే మనిషి. ఈ ఉదయం బండి తోలుకొని వచ్చింది అతనే. నల్లప్ప అరుగు మీద మాట్లాడినప్పుడు వెనక త్రాసు పట్టుకొని ఉన్నదీ అతనే. నిన్న మధ్యాహ్నం అక్క ఊరికి పోయి వస్తానని సెలవు అడిగిందీ అతనే.

"ఈ పెట్టె సంగతి ఈ ఊర్లో ఎవరికన్నా చెప్పినావా కదిరయ్యా?"

"ఎవరడిగినారప్పా? నేను వచ్చినాక ఈ తట్టు ఆ పెట్టె చూసిందే లేదు. నువ్వే మొదలు."

"నాతో రా. ఏమీ మాట్లాడద్దు, ఊరికే నిలబడు."

తిరిగి వచ్చేటప్పుడు ఆదినారాయణప్ప నెమ్మదిగా నడిచాడు. నోరు మూసుకుంటే నష్టం లేదు. బోరయ్య తుమకూరు పోతాడు, పెట్టె గురించి ఎవరూ అడగరు, అటక జోలికి ఎవరూ రారు. నోరు విప్పితే, పెట్టె నీ అంగడిదే కదా అని కెంచప్ప బోరయ్యను కట్టిన తాడే తన చేతులకు కడతాడు. నిప్పు పెట్టింది బొమ్మన్న అయితే ఇంకా ఘోరం. తనకు జ్వరం వస్తే మూడు రాత్రులు కాళ్ల దగ్గర కూర్చున్న మనిషి. రెండు పళ్లేలూ మనసులో అటూ ఇటూ ఊగాయి. ఈగలను తోలుతున్న మారక్క కొంగు గుర్తొచ్చింది. ఇరవై ఏళ్లలో ఒక్కసారి కూడా తప్పు తూకం పడని అంగడి అన్న పేరు తనది. అదొక్కటే ఆయన ఆస్తి. దాన్ని ఈ రోజు పోగొట్టుకుంటే మిగిలేది ఏమీ లేదు.

ఆయన అడుగుల వేగం పెంచాడు.

నల్లప్ప ఇంటి ముందు కెంచప్ప బండి కట్టిస్తున్నాడు. గడియారంలో మూడుంపావు దాటింది. బొమ్మన్న అవతల ఎద్దులకు గడ్డి వేస్తున్నాడు.

"దఫేదారూ, ఆ తొమ్మిది పుల్లల్లో ఒకటి అంటించి చూపించండి. అంటుకుంటే నేను ఇంటికి పోతా. బోరయ్య మీ వాడు."

"పిల్లకాయల ఆటనా?"

"ఒక్క పుల్ల. అంతే కదా. లేకుంటే అమల్దారుకు చీటీ వెనకే రాసిస్తా, దఫేదారు భయపడినాడు అని."

కెంచప్ప ఒక పుల్ల తీసి గడపరాతి మీద గీశాడు. తల పొడిగా రాలింది. ఇంకొకటి తీశాడు. అదీ రాలింది. బూటు అడుగున గీశాడు. బండి ఇరుసు మీద గీశాడు. జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. మారెమ్మకు ఒకటి ఇచ్చాడు, ఆమె తన గోడరాతి మీద గీసి, "చచ్చిన పుల్ల ఇది" అంది. బోరయ్య కుడిచెయ్యి విప్పించి వాడి చేత గీయించాడు.  రాతి మీద గోధుమరంగు మరక తప్ప ఏమీ మిగల్లేదు.

తొమ్మిదిలో మూడు మిగిలాయి. కెంచప్ప ముఖం ఎర్రబడింది. మళ్లీ రాతి దగ్గరికి వంగాడు.

బొమ్మన్న ఇదంతా గడ్డి చేతిలో పట్టుకొని చూస్తున్నాడు. దండగ పని చూస్తే ఊరుకోలేని అలవాటు అతనిది. కాయలు తప్పుగా ఎత్తే కూలివాడిని చూసినా, రంధ్రం ఉన్న గోనె నింపేవాడిని చూసినా నాలుక చప్పరించి ఒక మాట అంటాడు. ఇరవై ఏళ్ల అలవాటు నోటికి ముందు వచ్చింది.

"ఎందుకప్పా ఆ రాతితో ఆయాసం," అన్నాడు. "పెట్టె లేందే అవి..."

ఆగిపోయాడు.

ఆదినారాయణప్ప అతని వైపు చూడకుండానే అడిగాడు. 

"పెట్టె లేందే?"

"ఏంలేదు శెట్టప్పా. అంటుకోవేమో అని."

"పదేళ్ల కిందట ఈ పుల్లలే మన అంగడికి వెనక్కొచ్చె. తేమ పట్టినాయి అనుకుంటిమి, నువ్వూ నేనూ. పెట్టె సంగతి నాకు ఈ పొద్దు తెలిసింది బొమ్మన్నా. నీకెప్పుడు తెలిసింది?"

"నువ్వే చెప్తివి కదప్పా. పొద్దున, దారిలో."

"దారిలో నాకే తెలీదు."

"కదిరయ్య అన్నాడేమో ఎప్పుడో."

"నేనా?" అన్నాడు కదిరయ్య. "నిన్ను నేను చూసేదే ఈ పొద్దు కదప్పా."

గడ్డి బొమ్మన్న చేతిలోంచి జారింది. కెంచప్ప నిటారుగా నిలబడ్డాడు. ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూశాడు.

"అంటే పెట్టె మీ అంగడిదేనా శెట్రే?"

"నాదే. నా అటక మీదిది. రాసుకోండి." ఆదినారాయణప్ప చెక్కపేడు తీసి దఫేదారు చేతిలో పెట్టాడు. "దీని పక్కన నల్లటి పూత కొంచెం మిగిలి ఉండాది, ఎండకు ఆరింది కూడా. గీయండి."

కెంచప్ప పుల్ల తీసి, కాలగా మిగిలిన ఆ వేలెడు పూత మీద ఒక్కసారి గీశాడు. భగ్గుమంది.

వెలుతురులో ఆ మంట కనిపించీ కనిపించనట్టు ఉంది. అయినా జనం ఒక్క అడుగు వెనక్కి జరిగారు. అదే సందులో బొమ్మన్న ఎద్దుల మధ్య నుంచి దూకాడు. పది అడుగులు పోయాడో లేదో మారక్క కాలు అడ్డం పెట్టింది. పోలీసులిద్దరూ మీద పడి మోకాళ్లతో అదిమారు. దఫేదారు బోరయ్య రెండో చెయ్యి కూడా విప్పాడు. విప్పిన తాడు తీసుకొని బొమ్మన్న దగ్గరికి నడిచాడు.

ఆదినారాయణప్ప అతని ముందు కూర్చున్నాడు. ఇరవై ఏళ్లు ఎదురుగా చూసిన ముఖం. దాని మీద మట్టి అంటింది తప్ప మార్పు లేదు.

"నల్లప్ప నాకు పేర్లు చెప్పలేదు బొమ్మన్నా. అదన్నా అడిగి ఉండాల్సింది నువ్వు."

బొమ్మన్న మొదటిసారి కళ్లెత్తాడు. ఆ కళ్లలో కోపం లేదు. భయం ఉంది, అదీ తన కోసం కాదన్నట్టు ఉంది.

"అంగట్లో చెప్పకున్నా చాటుగా నీకు చెప్పే ఉంటాడు అనుకున్నారు, తెలీదంటే నమ్మేదెవరు శెట్టప్పా? నేను వద్దంటి. కోట మీద తవ్వించే ఆయన వినలేదు."

"ఆయన ఎవరు?"

"అటక మీది నుంచి నేను తీసింది ఒక పెట్టె కాదు. రెండు." బొమ్మన్న గొంతు అణిగిపోయింది. "నల్లప్ప ఇల్లు నా వంతు వేసినాడు. నీ ఇల్లు ఆయన వంతు. నిన్ను ఈడికి తోలుకొని వచ్చి, దీపాలు పెట్టే వేళకు తిరిగి తోలుకొని పోవాలనేది నా పని. నువ్వు ఇంట్లోకి అడుగు పెట్టినాక గొళ్లెం పెడతాడు. ఆలస్యమైతే కాసుకోడు. అమ్మ ఒక్కతే ఉన్నా సరే, వెలిగించే పోతా అన్నాడు."

ఆదినారాయణప్ప తనకే తెలియకుండా లేచి నిలబడ్డాడు. ఇంట్లో హనుమక్క ఒక్కతే. సాయంత్రం పొయ్యి రాజేసి, వెనక తలుపు తెరిచి, చాట ముందు పెట్టుకొని కూర్చుంటుంది.

"టైము?"

"నాలుగు కావస్తా ఉండాది," అన్నాడు కెంచప్ప. ఈసారి శెట్రే అనలేదు. "బండికి రెండున్నర గంటలు. పొద్దు ఆరుంపావుకు గూకుతుంది. అందదు."

"గుట్ట మీద నుంచి పోతే గంటన్నర," అంది ఒక గొంతు. బోరయ్య. మణికట్ల మీద తాడు కోసిన గీతల్లోంచి నెత్తురు చెమ్మగిల్లుతోంది. కంబళి విసిరి మారక్క భుజం మీద వేశాడు. "గొర్రెల దారి ఉండాది శెట్టప్పా. నా వెనకే రా. కాలు జారినా ఆగద్దు."

అతను అప్పటికే కదిలాడు. ఆదినారాయణప్ప పంచె ఎగగట్టి వెనకే పడ్డాడు. ఏభై రెండేళ్ల ఒళ్లు. ఇరవై అడుగులకే ఊపిరి అందలేదు. కెంచప్ప ఒక పోలీసును తోడు పరిగెత్తమని కేక వేస్తున్నాడు. దాని మీదుగా బొమ్మన్న కేక వినిపించింది. గొంతు చీలిపోయేటట్టు అరుస్తున్నాడు.

"పేరు చెప్పలేను శెట్టప్పా, నా బిడ్డలు వాని గుప్పిట్లో ఉండారు! అమ్మను తలుపు తెరవద్దని చెప్పినా లాభం లేదు! వాణ్ణి చూస్తే అమ్మ భయపడదు! దినామూ మీ ఇంట్లో మజ్జిగ తాగి పోయేవాడే!"